తొలినాటి ట్రాముబండ్లలో ఛార్జి వసూలు

బస్సెక్కిన ప్రతివారును చూచు దృశ్యమొకటి కలదు. కాలు మోపుటకైనను చోటులేని సందడిలో కండక్టరు ఒక చేత కమ్మి పట్టుకొని, రెండవ చేత టిక్కెట్టు లిచ్చుచు, ఎవరెక్కిరో, ఎవరెచ్చట దిగుదురో మనసులో లెక్క పెట్టుకొనుచు, చిల్లరకై ప్రతివారిని అడుగుచు బండి ఈ కొననుండి ఆ కొనకు నడచుచుండును. మన మిచ్చిన డబ్బు ఆతని తోలుసంచిలో పడును. ఆ సంచి రాత్రికి డిపోకు చేరును. ఇందేమి విశేషమున్నదని బాలురు అడుగవచ్చును. విశేషము కలదు. ప్రయాణికుని చేతినుండి బయలుదేరిన నాణెము త్రోవలో తఱుగక యజమాని పెట్టెకు చేరుట యెట్లు అను చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుచు మూడు తరములవారు శ్రమపడిరి. యంత్రములు చేయువారును, కంపెనీల అధికారులును, తుదకు న్యాయాధిపతులును దీనినిగూర్చి ఆలోచింపవలసి వచ్చెను. ఆ కథ వీథిలో నడచు ట్రాముబండితో ప్రారంభమైనది.

రైలునకును ట్రామునకును గల భేదము

ట్రామనగా నగరవీథిలో నేలకు సమముగ పఱచిన ఇనుప పట్టాలమీద నడచు బండి. మొదట దానిని గుఱ్ఱములు లాగెను. పిమ్మట విద్యుచ్ఛక్తి నడపెను. రైలుబండికి స్టేషను కలదు. స్టేషనుకు ద్వారము కలదు. ద్వారమున టిక్కెట్టు చూచు ఉద్యోగి కలడు. కావున బండి కదలుటకు ముందే డబ్బు కంపెనీ పెట్టెలో పడియుండును. ట్రామునకు ఈ సదుపాయము లేదు. ప్రతి వీథిమూలయు దానికొక స్టేషనే. ఒకచోట ఇద్దఱు ఎక్కుదురు, నూఱు గజములు పోకమునుపే ముగ్గురు దిగుదురు. ఇందుచే నడచుచున్న బండిలోనే ఛార్జి తీసికొనవలసి వచ్చెను.

ట్రాములకు ముందు న్యూయార్కు మొదలగు నగరములలో ఆమ్నిబస్సు లను గుఱ్ఱపుబండ్లు తిరుగుచుండెను. వాని తోలువాడు పైన కూర్చుండును. లోపలివారు దిగదలచినపుడు ఆతని కాలికి కట్టిన తోలుపట్టీని లాగుదురు. బండికప్పున నున్న చిన్న రంధ్రముగుండ డబ్బు అందింతురు. 1832వ సంవత్సరము నవంబరు నెలలో ఆ నగరముననే మొట్టమొదటి వీథిట్రాము నడచెను. దానిని నిర్మించినవాడు జాన్ స్టీఫెన్‌సన్ అను బండ్ల పనివాడు. పట్టాలమీద చక్రములు సులభముగ దొరలుటచే అవే గుఱ్ఱములు మునుపటికంటె ఎక్కువమందిని లాగగలిగెను. బండి పెద్దదయ్యెను, జనము హెచ్చెను. ఇక కప్పులోని రంధ్రముతో పని సాగదయ్యెను. అందుచే తోలువాడు ముందు నిలిచి గుఱ్ఱములను చూచుకొనుటకును, కండక్టరను రెండవ ఉద్యోగి లోపల తిరిగి ఛార్జి వసూలు చేయుటకును ఏర్పాటయ్యెను.

జాడ మిగుల్చని నాణెము

అమెరికా నగరములలో క్రమముగ ఒకే ఛార్జి అలవాటయ్యెను. ఎంత దూరము పోయినను 5 సెంట్లే. 1866లో నికెల్ లోహము చేరిన 5 సెంట్ల నాణెము వెలువడిన పిమ్మట ఈ పద్ధతి మఱింత సులభమయ్యెను. ఒక నాణెము, ఒక ప్రయాణము. ప్రయాణికునకు టిక్కెట్టు ఇయ్యవలసిన పనియే తఱచుగ లేకుండెను. కాని సులభమైన ఈ పద్ధతిలోనే చిక్కంతయు నున్నది. నాణెము చేతులు మాఱినది. దానికి కాగితము లేదు, గుర్తు లేదు, సాక్షి లేడు. ఆ పూట బండిలో నలువదిమంది ఎక్కిరో, ఏబదిమంది ఎక్కిరో కచేరిలో కూర్చున్న యజమానికి తెలియు మార్గమేది?

కొందఱు కండక్టర్లు కొన్ని నాణెములను తమ జేబులో వేసికొనిరి. ఈ దొంగతనమునకు వారి వాడుకమాటలలో ఒక పేరుకూడ పుట్టెను. దానిని "పడగొట్టుట" అనుచుండిరి. కంపెనీలవారు ప్రయాణికుల వేషమున వేగులవాండ్రను పంపి, ఎక్కినవారి సంఖ్యను రహస్యముగ లెక్కింపజేసిరి. వేగువాని లెక్కకును కండక్టరు లెక్కకును భేదమున్నచో కండక్టరు ఉద్యోగము పోవుచుండెను. సందడిలో లెక్క తప్పినది వేగువాడే కావచ్చును. ఐనను ఆతని మాటయే చెల్లెను.

ఇచట కండక్టరు పక్షమునకూడ కొంచెము ఆలోచింపవలెను. ఆతడు వానలోను మంచులోను దినమునకు పండ్రెండు గంటలు, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువయు, నిలువుకాళ్లమీద పని చేయుచుండెను. 1886లో న్యూయార్కు ట్రాముల పనివారు సమ్మె చేసినపుడు వారి ముఖ్యమైన కోరిక పని దినము పండ్రెండు గంటలకు మించరాదనుటయే. లెక్కలో తక్కువ వచ్చిన డబ్బు తన జీతమునుండి కట్టవలసినవాడును ఆతడే. దొంగయైన కండక్టరును నిజాయితీగల కండక్టరును ఒకే అనుమానమునకు గుఱియగుచుండిరి. నిజాయితీపరుడు తన నిజాయితీని నిరూపించుకొనుటకు ఆధారమేమియు లేకుండెను. యంత్రము అవసరమైనది కంపెనీకి మాత్రమే కాదు, ఇట్టివానికిని అవసరమైనది.

గంట మ్రోగు కత్తెర

మొదట వచ్చిన యంత్రములలో ప్రసిద్ధమైనది బెల్ పంచ్ అను గంటకత్తెర. ఇది అరచేత ఇముడు పరికరము. కండక్టరు ఛార్జి పుచ్చుకొనగనే తనవద్దనున్న రంగుకాగితపు పట్టీని దీని దవడలమధ్య నుంచి నొక్కవలెను. కాగితమునకు చిల్లు పడును. వెంటనే లోపలి చిన్న గంట మ్రోగును. చిల్లుపడినపుడు ఊడిన కాగితపుముక్క యెచ్చటికిని పోదు; తాళమువేసిన లోపలి గదిలో పడును. రాత్రి కచేరిలో ఆ గది తెఱచి ముక్కలు లెక్కింతురు. ఛార్జి భేదమునుబట్టి కాగితపు రంగు భేదించును. 8 సెంట్లకు ఒక రంగు, 6 సెంట్లకు వేఱొకటి, 3 సెంట్లకు ఇంకొకటి. ఏ రంగు ముక్కలు ఎన్ని యున్నవో చూచినచో రావలసిన మొత్తము తేలును.

ఇందలి యుక్తి గంటలో నున్నది. ముక్కలు కచేరివారికి లెక్క. గంట ప్రయాణికునకు తెలియజేయు గుర్తు. తా నిచ్చిన డబ్బునకు గంట మ్రోగినదా లేదా అని ప్రయాణికుడే వినును. అందుకే ప్రయాణికుని యెదుటనే చిల్లు పొడువవలెనని బండ్లలో ప్రకటనలు కట్టిరి. ఆ ప్రకటన మాటలు పద్యమువలె లయగా నుండుటచే జనుల నోళ్లలో నానెను. ప్రసిద్ధ హాస్యరచయిత మార్క్ ట్వైన్ 1876లో దానిమీద ఒక వినోదకథ వ్రాసెను; ఆ లయ ఒకసారి చెవిని పడినచో మఱి వదలక మనుష్యుని వేధించునని ఆ కథలోని చమత్కారము.

కాని మోసగాడు ఊరకుండునా? కొందఱు అట్టి ధ్వనియే చేయు వేఱొక గంటను చేతిలో దాచుకొని మ్రోగించిరి. గంట వినబడును, ముక్క పడదు. పిమ్మట కంపెనీలవారు పెద్ద లెక్కయంత్రమును బండిలోపల అందఱకును కనబడునట్లు గోడకు బిగించిరి. దానికి గడియారమువంటి ముఖముండును. కండక్టరు త్రాడు లాగినపుడెల్ల గంట మ్రోగి, ముఖముమీది సంఖ్య ఒకటి పెరుగును. మధ్యత్రోవలో ఎక్కిన తనిఖీ అధికారి ఆ సంఖ్యను చూచి, లోనున్న తలలను లెక్కించి, లోపమున్నచో అప్పుడే పట్టుకొనగలడు. గంటను చెవి మాత్రమే విన్నది. ఇపుడు కన్నుకూడ చూచుటకు వీలయ్యెను.

కండక్టరు లేని బండి

మఱికొందఱు యజమానులు వేఱుమార్గము త్రొక్కిరి. డబ్బు తాకు చేయియే లేకున్నచో దొంగతనమే యుండదుగదా యని వారి తలంపు. రెండవ జీతముకూడ మిగులును. అందుచే జనము తక్కువగ తిరుగు దారులలో కండక్టరును మానిపించి, పొట్టి బండ్లను ఒక్క తోలువానితోనే నడపిరి. బండి ముందుభాగమున ఛార్జి పెట్టె యొకటి యుంచిరి. ఎక్కినవారు తామే అందులో నాణెము వేయవలెను. కొన్ని బండ్లలో గోడపొడవున వాలుగ నమర్చిన సన్నని కాలువ యుండెడిది. వెనుక కూర్చున్నవాడు అందులో నాణెము విడిచినచో అది దొరలుచు పోయి పెట్టెలో పడును.

న్యూ ఆర్లియన్సు నగరవాసియైన జాన్ స్లాసన్ ఈ పెట్టెలను ప్రచారమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు. పెట్టెలో రెండు గదులు. నాణెము మొదట పైగదిలోని పలకమీద నిలుచును. అద్దముగుండ తోలువాడు దానిని చూచి, సరియైనదని తోచినపుడు మీట త్రిప్పును. పలక వంగి నాణెము క్రింది తాళపుగదిలో పడును. క్రిందిగది తాళపుచెవి కచేరిలో నుండును. పిమ్మట ప్రయాణికులవైపునకూడ అద్దము పెట్టిరి. తామిచ్చినది ఇతరులు చూచుచున్నారన్న బిడియముచే ఎవడును తప్పుడు నాణెము వేయడని ఉద్దేశము. రాత్రివేళ బండిముందరి దీపపు వెలుతురే పెట్టెలోనికి ప్రసరించునట్లు వేఱొక ఏర్పాటు వచ్చెను. ఈ అద్దము, ఈ దీపము తమ కల్పనలని పేటెంటు హక్కుకై వ్యాజ్యము నడువగా, 1883లో అమెరికా సుప్రీంకోర్టువారు పెట్టెకు మఱియొక అద్దము బిగించుటలో నూతనకల్పన యేమియు లేదని ఆ హక్కును త్రోసివేసిరి.

ఈ పద్ధతిలో బాధలు లేకపోలేదు. తోలువాడు కండక్టరు లేని లోటుకూడ తానే తీర్పవలెను. ఒక చేత కళ్లెము, ఒక చేత బ్రేకు. కన్నులు వీథిమీద నుండవలెను, అద్దముమీదను నుండవలెను. ఎక్కువారు సరిగ ఎక్కిరా యని వెనుదిరిగియు చూడవలెను. చిల్లర ఇచ్చుటలో తోలువాడు మోసము చేయకుండ కంపెనీవారు నాణెములను ముందే లెక్కించి కాగితపు కవర్లలో పెట్టి అంటించి యిచ్చిరి. ప్రయాణికుడు పెద్ద నాణెమిచ్చినచో అంతకు సమానమైన కవరు చేతికి వచ్చును. అది చించి, అందులోనుండి ఛార్జి తీసి పెట్టెలో వేయవలెను. మన బస్సులలో చిల్లర లేనపుడు కండక్టరు టిక్కెట్టు వెనుక బాకీ వ్రాసియిచ్చుట యెఱిగినవారికి ఈ కవర్ల యుక్తి ముచ్చటగ తోచును. ఇక పెట్టెలో నాణెములే పడెనా? బొత్తాములు పడెను, చెల్లని బిళ్లలు పడెను. కండక్టరు దొంగయని యెంచి ఆతనిని తొలగించిరి; తొలగించిన పిమ్మట ప్రయాణికులలోను అట్టివారు కలరని తేలెను.

టామ్ జాన్సన్ కథ

ఈ పెట్టెలను బాగుచేసినవారిలో టామ్ జాన్సన్ అను నాతని చరిత్ర చదువదగినది. ఆతడు 1854లో జన్మించి, బాల్యమున పేదఱిక మనుభవించి, పదునైదేండ్ల వయసున ల్యూయిస్‌విల్ నగరపు ట్రాము కచేరిలో చిన్న ఉద్యోగమున చేరెను. అచట నాణెములు అద్దముగుండ స్పష్టముగ కనబడి సులభముగ లెక్కింపదగునట్లు ఒక ఛార్జి పెట్టెను కల్పించెను. దానివలన లభించిన ధనముతో తానే ట్రాము కంపెనీలకు యజమాని యయ్యెను.

ఆశ్చర్యమైనది ఆతని ఉత్తరచరిత్ర. 1901లో క్లీవ్లాండు నగరమునకు మేయరుగ ఎన్నికై 1909 వఱకు ఆ పదవిలో నుండి, ట్రాముఛార్జి 5 సెంట్లనుండి 3 సెంట్లకు దిగవలెనని తన తోటి యజమానులతోనే పోరాడెను. ప్రయాణికుని నాణెము తప్పిపోకుండ పెట్టె కల్పించినవాడు, అసలు ప్రయాణికునినుండి అంత తీసికొనుట న్యాయమా యని అడిగెను. 2 సెంట్ల కొఱకు ఇంత పోరాటమా యని తోచవచ్చును. దినమునకు రెండుసార్లు పనికి పోయివచ్చు కూలివానికి అది ఏడాదిలో కొన్నిదినముల కూలి. మన దేశముననే 1953 జూలైలో కలకత్తా ట్రాములలో రెండవతరగతి ఛార్జి ఒక్క పైస పెంచగనే నగరమంతయు అట్టుడికినట్లుడికెను. ఆ హెచ్చింపును తుదకు నిలిపివేయవలసి వచ్చెను.

టిక్కెట్టు వచ్చిన విధము

ఇంతవఱకు చెప్పినది ముఖ్యముగ అమెరికా పద్ధతి. ఇంగ్లండులో ఛార్జి దూరమునుబట్టి యుండెను. కావున ఎవడు ఎంతదూరమునకు చెల్లించెనో తెలుపు కాగితము ప్రయాణికుని చేతిలో నుండుట అవసరమయ్యెను. ఒక్కొక్క ఛార్జికి ఒక్కొక్క రంగు టిక్కెట్టు, ప్రతిదానికి వరుససంఖ్య, దిగవలసిన చోటు తెలుపుటకు గంటకత్తెరతో ఒక చిల్లు. 1878లో లండనునగరమున ఈ కత్తెర పేరుతోనే బెల్ పంచ్ కంపెనీ యేర్పడెను. ఉదయము కండక్టరునకిచ్చిన మొదటి టిక్కెట్టు సంఖ్యకును, రాత్రి మిగిలిన టిక్కెట్టు సంఖ్యకును గల భేదమే ఆతడు అమ్మినవాని లెక్క. లెక్క యంత్రమునుండి కాగితమునకు మాఱెను.

మన దేశమున ఈ మార్పు అవసరమైన విధము బొంబాయి చరిత్రలో స్పష్టముగ కనబడును. అచట 1874వ సంవత్సరము మే నెల 9వ తేదీన గుఱ్ఱపు ట్రాములు నడువ నారంభించెను. కొలాబానుండి పైధోనీకి 3 అణాల ఛార్జి; టిక్కెట్టు ఇచ్చుట లేదు. జనాదరము పెరిగిన కొలది ఛార్జిని 2 అణాలకు తగ్గించిరి. కాని డబ్బు చెల్లింపక తిరుగువారును పెరిగిరి. అందుచే ఆ సంవత్సరమే టిక్కెట్టులు ప్రవేశపెట్టిరి. టిక్కెట్టు లేని పద్ధతి కొన్నినెలలకంటె నిలువలేదు.

చెన్నపట్టణమున 1895 మే నెలలో విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములు ప్రారంభమై 1953 ఏప్రిల్ వఱకు నడచెను. భారతదేశమున మొదటి విద్యుత్ ట్రాములు ఇవియే. చదువులకును, ఉద్యోగములకును, వ్యాజ్యములకును చెన్నపట్టణము పోయిన ఆంధ్రదేశపు పెద్దలలో అనేకులు ఈ ట్రాములలో తిరిగినవారే. ట్రాములు పోయినను, తోలుసంచి, టిక్కెట్టు కట్టలు, చిల్లుపొడుచు కత్తెర, తనిఖీ అధికారి మన బస్సులకు సంక్రమించినవి.

బండి మాఱువారి చిక్కు

ఒక బండి దిగి వేఱుదారి బండి ఎక్కువారికి మఱల ఛార్జి లేకుండ కొన్ని నగరములలో బదిలీ చీటి యిచ్చుచుండిరి. దానిని కొందఱు ఇతరులకు ఇచ్చివేసిరి, కొందఱు అమ్మిరి. దీనికి విరుగుడుగ 1890ల ప్రాంతమున అమెరికాలో ఒక వింత చీటి వచ్చెను. దానిమీద వరుసగ కొన్ని ముఖములు అచ్చువేసి యుండును: మీసములవాడు, గడ్డమువాడు, నున్నగ గొరిగించుకొన్నవాడు, టోపీ ధరించిన యువతి, వయసు చెల్లిన స్త్రీ. కండక్టరు ప్రయాణికుని పోలిన ముఖమువద్ద చిల్లు పొడువవలెను. ఏ స్త్రీ ముఖమువద్ద చిల్లు వేయవలెనో నిర్ణయించుట కండక్టరున కెంత సంకటమో పాఠకులే యూహింపవచ్చును.

ఎక్కునపుడే చెల్లింపు

విద్యుత్ ట్రాములు పెద్దవైన పిమ్మట జనసమ్మర్దములో కండక్టరు అందఱినొద్దకును పోవుట అసాధ్యమయ్యెను. చేరునంతలో కొందఱు దిగిపోవుచుండిరి. దీనికి తగిన సమాధానము 1905లో కెనడాలోని మాంట్రియల్ నగరమునుండి వచ్చెను. అచటి ట్రాము అధికారులు బండి వెనుకభాగమున విశాలమైన అరుగు కట్టి, కమ్మీలతో ఎక్కుదారిని దిగుదారిని వేఱుపఱచి, కండక్టరును అచటనే నిలిపిరి. ఇక ఆతడు ప్రయాణికులను వెదకికొనుచు పోడు. ప్రయాణికులే ఆతని యెదుటినుండి నడచుచు ఛార్జి చెల్లించి లోపలికి పోవుదురు. పిమ్మట ఆతని ప్రక్కన పెట్టెయు వచ్చెను. నాణెము ఆతని చేతిని తాకక, అందఱు చూచుచుండగ పెట్టెలో పడును. కండక్టరు ద్వారమువద్దనే యుండుటచే ఎక్కువారిని దిగువారిని కనిపెట్టి ప్రమాదములనుకూడ నివారింపగలిగెను.

రైలుస్టేషను ద్వారమును బండిలోనికే తెచ్చుట యన్నమాట. డెబ్బది సంవత్సరములకు పైగ వెదకిన సమాధానము ఇంత సామాన్యమైనది. ఇందు గూఢచారి లేడు, తాళపు మోసములేదు. కండక్టరును ప్రయాణికుడును ఒకరి నొకరు చూచుకొనుచు పని ముగింతురు. 1916 ప్రాంతమున బర్నీ అను ఇంజనీరు పేర చిన్న బండ్లు వచ్చి, తోలువాడే ద్వారమువద్ద ఛార్జి తీసికొను పద్ధతి మఱల వ్యాపించెను. అనేక దేశముల బస్సులు పిమ్మట దానినే అనుసరించెను.

మనము గ్రహింపవలసినది

ఈ చరిత్రనంతయు పరిశీలించినచో ఒక సంగతి తెలియును. వేగువాండ్రచేతను, తాళములచేతను మాత్రమే నాణెమును కాపాడదలచిన పద్ధతులు ఒకదాని వెంట నొకటి ఓడిపోయెను. గంట, అద్దము, లెక్కముఖము, వరుససంఖ్యగల టిక్కెట్టు నిలిచెను. ఏలయన నివి ప్రయాణికుని సాక్షిగ చేసినవి. మఱియు నిజాయితీగల కండక్టరు చేతికి ఆధారము నిచ్చినవి. ఐనను సాక్షి చూడనిచో గంటయు వ్యర్థమే.

నేడు మన బస్సులలో చిన్న యంత్రము టిక్కెట్టు అచ్చువేయుచున్నది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు అనేక బస్సులలో ఛార్జిలేని ప్రయాణ మేర్పడినపుడుకూడ, ధర సున్న యని అచ్చైన టిక్కెట్టును ఇచ్చిరి. డబ్బు లేకపోయినను లెక్క యుండవలెను గదా.

బాలబాలికలారా! మీరు బస్సెక్కినపుడు సరిపడు చిల్లర సిద్ధముగ నుంచుకొనుడు. డబ్బిచ్చి టిక్కెట్టు వద్దనకుడు, అడిగి పుచ్చుకొనుడు. అట్లు చేయుటవలన యజమానికి న్యాయము జరుగుట మాత్రమే కాదు, ఆ కండక్టరు రాత్రి లెక్క అప్పగించునపుడు తలయెత్తి నిలువగలడు. ఆతడు ఇంటికి త్రోవ పట్టునపుడు ఆతని జేబులో ఆతని జీతమే యుండవలెను. ఆతనిమీద అనుమానము ఉండరాదు. ఆ రెంటిలో మన వంతు కొంత కలదు.